గడిలో పడిన అంకె

గణన యంత్రం లెక్క తప్పదంటారు. కాని మనం వ్రాయదలచిన అంకె, తెర మీది గడిలో కనిపించే అంకె, యంత్రం లోపల నిలిచిన అంకె - ఈ మూడూ ఎల్లప్పుడూ ఒకటేనా?

30 డిగ్రీల కోణానికి సైను విలువ సరిగ్గా అర అని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనా చెప్పగలడు. అదే ప్రశ్నను గ్రాఫింగ్ కాలిక్యులేటరుకు వేస్తే ఒకప్పుడు 0.5 అని, ఒకప్పుడు -0.988 అని, మరొకప్పుడు 0.454 అని జవాబు వస్తుంది. యంత్రం చెడిపోలేదు. మూడు జవాబులూ సరియైనవే. మొదటిది 30 డిగ్రీలకు, రెండవది 30 రేడియన్లకు, మూడవది 30 గ్రేడులకు చెందినది. లంబకోణాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒక భాగం గ్రేడు. అంకె మారలేదు, మీట మారలేదు. ఎక్కడో ఒక గడిలో, ఎప్పుడో ఎవరో ఎంచుకుని మరచిపోయిన ఒక మాట మాత్రమే మారింది.

అరచేతిలో ఇమిడే ఈ యంత్రాల చరిత్రలో ఇటువంటి గడుల కథ చిన్నది. అయినా ఆసక్తి కలిగించేది. కొన్ని చోట్ల ప్రాణాల మీదికి కూడా వచ్చినది.

పట్టికల నుండి గడుల దాకా

ఒకనాడు మన కళాశాలలలో సంవర్గమానాల పట్టికల పుస్తకం చేత లేకుండా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అడుగు పెట్టే విద్యార్థి ఉండేవాడు కాడు. ఆ పద్ధతి నత్తనడక నడిచేది. కాని అందులో ఒక సుగుణం ఉండేది. ప్రతి మెట్టూ కాగితం మీద నిలిచేది. పొరపాటు జరిగితే అధ్యాపకుడు వరుసగా చూసుకుంటూ వచ్చి, ఇదిగో ఇక్కడ 3కు బదులు 8 వ్రాశావని వేలుపెట్టి చూపగలిగేవాడు.

1972లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటరును 395 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. సైన్లు, సంవర్గమానాలు అన్నీ అందులోనే ఉన్నాయి. పట్టికల పుస్తకానికి, స్లయిడ్ రూలుకు కాలం చెల్లింది. 1985లో జపానుకు చెందిన కాసియో సంస్థ ఎఫ్ఎక్స్-7000జీ అనే నమూనాతో గ్రాఫు గీసే తొలి కాలిక్యులేటరును అందించింది. అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు గల చిన్న తెర మీద వక్రరేఖలు కదలాడసాగాయి. 1990లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-81, హ్యూలెట్-ప్యాకార్డ్ వారి హెచ్‌పీ-48ఎస్ఎక్స్ వెలువడినాయి. 1995 నుండి అమెరికాలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షకు ఇటువంటి యంత్రం తప్పనిసరి అయింది. అందుచేత అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల పుస్తకాల సంచులలోనూ ఇది చోటు చేసుకుంది. మన దేశంలో బోర్డు పరీక్షలకు దీనితో పని పడలేదు కాని, అంతర్జాతీయ పాఠ్యక్రమాలను పాటించే పాఠశాలలలో విద్యార్థులు దీనిని వాడుతున్నారు.

యంత్రం చేయగల పనులు పెరిగిన కొద్దీ ఒక చిక్కు తలెత్తింది. రెండు సంఖ్యలను కూడడానికి రెండు సంఖ్యలూ ఒక మీటా చాలు. ఒక గ్రాఫు గీయాలంటే సమీకరణం ఏది, చలరాశి ఏది, అడ్డంగా ఎక్కడి నుండి ఎక్కడికి, నిలువుగా ఎంత మేరకు, కోణాలు ఏ కొలతలో - ఇన్ని సంగతులు చెప్పాలి. తొలి యంత్రాలలో వీటిలో చాలా వాటిని ఒక్కొక్క ఆజ్ఞగా, జ్ఞాపకం పెట్టుకుని, సరియైన వరుసలో ఇవ్వవలసి వచ్చేది. ఒకటి మరచినా యంత్రం పాత విలువతోనే ముందుకు సాగిపోయేది.

ఫారం తెర మీదికి వచ్చింది

1993లో వెలువడిన హెచ్‌పీ-48జీ శ్రేణిలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం కనిపించింది. బ్యాంకులో, తపాలా కార్యాలయంలో మనం నింపే ఫారం వంటిదే తెర మీద ప్రత్యక్షమైంది. పైన శీర్షిక, దాని కింద పేర్లతో కూడిన గడులు, అడుగున ఇప్పుడు ఏమి వ్రాయాలో చెప్పే ఒక వాక్యం. గ్రాఫు ఫారం తెరిస్తే సమీకరణం, చలరాశి, అడ్డు నిలువు హద్దులతో పాటు కోణపు కొలత కూడా కళ్ళ ఎదుటనే ఉంటుంది. 30 డిగ్రీల చిక్కుకు ఇంతకంటె సులభమైన విరుగుడు లేదు. మరచిపోయే అవకాశం ఉన్న విషయాన్ని కనిపించే చోట పెట్టడమే ఆ విరుగుడు.

ఈ గడులు అన్నీ ఒక తీరువి కావు. కొన్నింటిలో సంఖ్యనో సమీకరణాన్నో స్వయంగా వ్రాయాలి. కొన్నింటిలో వ్రాయడానికి వీలు లేదు. యంత్రం చూపే జాబితా నుండి ఒకటి ఎంచుకోవాలి. మరికొన్నింటిలో టిక్కు పెట్టడమో తీసివేయడమో తప్ప వేరే పని లేదు. ఈ విభజనలో ఒక వివేకం ఉన్నది. డిగ్రీలు, రేడియన్లు, గ్రేడులు తప్ప నాలుగవది లేని చోట మనిషి చేత అక్షరాలు వ్రాయించడం తప్పుకు తలుపు తెరవడమే. జాబితా ఇస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

వ్రాసిన దానిని దిద్దే పద్ధతి కూడా తెలుసుకోదగినది. వెలుగు పడిన గడి మీద నేరుగా కొత్త సంఖ్య కొట్టడం మొదలుపెడితే పాత విలువకు బదులు కొత్తది చేరుతుంది. పన్నెండు అంకెల సంఖ్యలో ఒక్క అంకె మాత్రమే తప్పయితే అంతా మళ్ళీ కొట్టనక్కరలేదు. ఎడిట్ మీట నొక్కితే పాత విలువ సవరణ కోసం తెరచుకుంటుంది. బాణపు మీటలతో కర్సరును తప్పు దగ్గరికి నడిపించి, ఆ అంకెను చెరిపి, సరియైనది వ్రాసి, ఎంటర్ నొక్కాలి. మధ్యలో మనసు మారితే కాన్సెల్ మీట ఉన్నది. దానిని ఒకసారి నొక్కితే సగం వ్రాసినది పోయి పాత విలువ నిలుస్తుంది. రెండవసారి నొక్కితే ఫారమే మూసుకుంటుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఎంటర్ నొక్కే వరకు ఆ అంకె మనదే, యంత్రానిది కాదు. తెర మీద కనిపించినంత మాత్రాన యంత్రం దానిని స్వీకరించినట్టు కాదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నది మన సామెత. గడులు నింపే పనిలో మాత్రం కాలు కడగడం కూడా పనిలో భాగమే. వేలు జారడం మానవ సహజం. అందుకే దిద్దే మీటను కొట్టే మీటల పక్కనే పెట్టారు.

పెద్ద తప్పు, చిన్న తప్పు

ఒక ఉదాహరణ చూద్దాం. లక్ష రూపాయల అప్పు. సంవత్సరానికి నూటికి 12 రూపాయల వడ్డీ. 60 నెలసరి వాయిదాలలో తీర్చాలి. వాయిదా ఎంత?

గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు పలువాటిలో ఇందుకు ప్రత్యేకమైన ఫారం ఉంటుంది. వాయిదాల సంఖ్య, వడ్డీ, అసలు, సంవత్సరానికి ఎన్ని వాయిదాలు, వాయిదా నెల చివరనా మొదటనా అనే గడులు నింపి, వాయిదా గడి మీద నిలిచి, జవాబు అడగాలి. సరిగా నింపితే వచ్చే జవాబు 2,224 రూపాయల 44 పైసలు. మన చేతి నుండి పోయే సొమ్ము కనుక యంత్రం దానికి ముందు ఋణ చిహ్నం పెడుతుంది.

ఇప్పుడు 'సంవత్సరానికి ఎన్ని వాయిదాలు' అనే గడిలో 12కు బదులు, అంతకు ముందు ఎవరో వదిలిపెట్టిన 1 మిగిలిపోయిందనుకుందాం. యంత్రం 60 నెలలను 60 సంవత్సరాలుగా తీసుకుంటుంది. జవాబు 12,013 రూపాయలు. లక్ష రూపాయల అప్పుకు నెలకు పన్నెండు వేలా! చూసిన వెంటనే ఎవరైనా ఉలిక్కిపడి గడులన్నీ మళ్ళీ చూస్తారు. ఈ తప్పు తన్ను తానే పట్టించుకున్నది.

వేరొక తప్పు చూడండి. అన్ని అంకెలూ సరిగానే ఉన్నాయి. కాని వాయిదా నెల చివర అని ఉండవలసిన చోట నెల మొదట అని ఉన్నది. జవాబు 2,202 రూపాయల 42 పైసలు. ఈ అంకెను చూసి ఎవరూ ఉలిక్కిపడరు. నమ్మదగినట్టే ఉన్నది, కాని తప్పు. వాయిదాకు 22 రూపాయల చొప్పున 60 వాయిదాలకు 1,321 రూపాయలు లెక్కలో కనిపించకుండా పోయినాయి. గడులు నింపే వారికి అసలు శత్రువు ఇటువంటి చిన్న తప్పే. పెద్ద తప్పు అరుస్తుంది. చిన్న తప్పు సరియైన జవాబు వేషం కట్టుకుని వస్తుంది.

ఈ ఫారంలో మరొక మాయ కూడా ఉన్నది. వాయిదా లెక్క కట్టిన తరువాత అసలును లక్ష నుండి రెండు లక్షలకు మార్చినా, వాయిదా గడిలో పాత 2,224 అట్లాగే ఉంటుంది. ఆ గడి మీదికి వెళ్ళి మళ్ళీ అడిగితేనే అది మారుతుంది. కొత్త ప్రశ్న పక్కన పాత జవాబు! తొందరలో ఉన్నవాడు ఆ రెంటినీ ఒకే లెక్క అనుకుని కాగితం మీద ఎక్కించుకుంటాడు.

యంత్రం ఏది పట్టుకుంటుంది?

యంత్రం కొన్ని తప్పులను పట్టుకోకపోదు. గ్రాఫుకు ఎడమ హద్దు 10, కుడి హద్దు -10 అని ఇస్తే టీఐ-83 వంటి యంత్రం హద్దులు సరిగా లేవని నిలదీస్తుంది. తీసివేత మీటకూ ఋణ చిహ్నపు మీటకూ ఆ యంత్రం తేడా పాటిస్తుంది. సమీకరణంలో ఒకదాని బదులు మరొకటి నొక్కితే చాలా సందర్భాలలో వాక్యనిర్మాణం తప్పని చెబుతుంది. అర్థం లేని దానిని అది ఒప్పుకోదు.

అర్థం ఉండి, మనం ఉద్దేశించని దానిని మాత్రం అది ఎన్నటికీ పట్టుకోలేదు. అడ్డం నిలువు రెండు వైపులా -10 నుండి 10 వరకు హద్దులు పెట్టి, x వర్గానికి 20 కలిపిన ప్రమేయాన్ని గీయమంటే తెర ఖాళీగా మిగులుతుంది. ఆ వక్రరేఖ 20 కంటె దిగువకు రాదు కదా! యంత్రం చెప్పిన పని చేసింది. విద్యార్థి మాత్రం బ్యాటరీలు మార్చడానికి పూనుకుంటాడు.

సంఖ్యాశాస్త్రపు పట్టికలలో ఈ సంగతి మరింత స్పష్టం. అయిదుగురు విద్యార్థుల ఎత్తులు ఒక వరుసలో, బరువులు పక్క వరుసలో నింపినారనుకుందాం. మూడవ ఎత్తును దిద్దబోయి పొరపాటున డిలీట్ మీట నొక్కితే ఆ గడి మాయమై, దిగువనున్న ఎత్తులు ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతాయి. ఒక వరుసలో నాలుగు, మరొక దానిలో అయిదు. లెక్క అడిగితే వరుసలు సరిపోలేదని యంత్రం ఆపివేస్తుంది. ఇంతవరకు బాగానే ఉన్నది.

ఆ హెచ్చరిక చూసి విద్యార్థి, పోయిన ఎత్తును వరుస చివర చేర్చినాడనుకోండి. ఇప్పుడు అయిదుకు అయిదు. యంత్రానికి అభ్యంతరం లేదు. కాని నాలుగవ విద్యార్థి ఎత్తు మూడవ విద్యార్థి బరువు పక్కన చేరింది. అయిదవవాడిది నాలుగవవాడి పక్కన. విచిత్రం ఏమంటే ఎత్తుల మొత్తం మారలేదు, సగటు మారలేదు. సగటులు సరిచూసుకున్నవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఎత్తుకూ బరువుకూ గల సంబంధం మాత్రం తలకిందులైంది. సరియైన పద్ధతి వేరు. పోయిన చోటనే ఇన్సర్ట్ మీటతో కొత్త గడి తెరవాలి. అందులో యంత్రం ఉంచే సున్నను దిద్ది అసలు విలువ వ్రాయాలి. అంకెకు విలువతో పాటు స్థానం కూడా ఉన్నదని ఈ చిన్న పట్టిక నేర్పే పాఠం.

దిద్దుబాటు యంత్రానికి చేరనప్పుడు

ఇవన్నీ పరీక్ష మార్కులకో వాయిదా సొమ్ముకో సంబంధించినవి. కాని తెర మీది గడులు నింపే పని కాలిక్యులేటరుతో ఆగిపోలేదు. మార్చి 21, 1986న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, టైలర్ పట్టణంలో జరిగిన సంఘటన ఈ సత్యాన్ని ప్రపంచానికి చాటింది.

అక్కడి క్యాన్సర్ చికిత్సా కేంద్రంలో థెరాక్-25 అనే వికిరణ చికిత్సా యంత్రం ఉండేది. కెనడా ప్రభుత్వరంగ సంస్థ అయిన అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ దాని తయారీదారు. చికిత్స వివరాలను పక్క గదిలోని తెర మీద ఫారంలో నింపాలి. ఆనాడు రోగికి ఇవ్వవలసినది ఎలక్ట్రాను కిరణం. ఆ గడిలో 'ఇ' అక్షరం పడాలి. అలవాటుగా ఎక్స్-రేకు సంబంధించిన 'ఎక్స్' అక్షరం పడింది. నిర్వాహకురాలు తప్పును వెంటనే గుర్తించింది. కర్సరును పైకి నడిపి, అక్షరం దిద్ది, తక్కిన గడులను మీట నొక్కుతూ దాటి, చికిత్స ప్రారంభించింది. తెర మీద అన్నీ సరిచూచినట్టే కనిపించినాయి.

లోపల జరిగినది వేరు. తొలి వివరాలు అందగానే యంత్రం తన అయస్కాంతాలను సర్దుకోవడం మొదలుపెట్టింది. అందుకు సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో జరిగిన దిద్దుబాటును దాని ప్రోగ్రాం గమనించలేదు. తెర ఎలక్ట్రాను అన్నది. యంత్రంలో కొంత భాగం ఎక్స్-రే సన్నాహంలోనే ఉండిపోయింది. నిర్ణయించిన మోతాదు 180 రాడ్లు. రోగి శరీరంలో ఒక చిన్న భాగానికి తగిలినది 16,500 నుండి 25,000 రాడ్ల వరకు ఉండవచ్చునని తరువాత అంచనా వేశారు. తెర మీద కనిపించిన హెచ్చరిక 'మాల్‌ఫంక్షన్ 54' అనే ముక్కలు మాత్రమే. దాని అర్థం అక్కడ ఎవరికీ తెలియదు. ఆ రోగి అయిదు నెలలకు మరణించాడు. ఏప్రిల్ 11న అదే కేంద్రంలో అదే విధంగా మరొక రోగి గురి అయి, మూడు వారాలలో ప్రాణం విడిచాడు.

ఆ కేంద్రపు భౌతికశాస్త్రవేత్త, నిర్వాహకురాలు కలిసి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి రహస్యాన్ని బయటపెట్టారు. నెమ్మదిగా దిద్దితే ఏమీ కాదు. చేయి తిరిగిన వారు వేగంగా దిద్దినప్పుడే ప్రమాదం! 1985 నుండి 1987 వరకు ఈ నమూనా యంత్రాల వలన జరిగిన ప్రమాదాలు ఆరు. వాటన్నిటికీ కారణం ఇదొక్కటే కాదు. అంతకు ముందరి నమూనాలో ప్రోగ్రాంతో నిమిత్తం లేని రక్షణ ఏర్పాట్లు ఉండేవి. కొత్త దానిలో వాటిని తొలగించి, ఆ భారం ప్రోగ్రాం మీదనే మోపినారు.

తయారీ సంస్థ తక్షణ చర్యగా పంపిన సూచన గమనించదగినది. కర్సరును పైకి నడిపే మీటను ఊడదీసి, అది పని చేయకుండా టేపు అంటించమన్నారు. దిద్దే మీటనే లేకుండా చేయమన్నారన్న మాట! మనిషి చేసిన తప్పు అక్షరం ఒక్కటే. దానిని అతడు దిద్దుకున్నాడు కూడా. ఆ దిద్దుబాటును వినని యంత్రాన్ని వదిలి, దిద్దే చేతిని కట్టివేయబూనడం నిలిచే పరిష్కారం కాదు. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ పరిపాలనా సంస్థ ఆ లేఖ చాలదని తేల్చి, యంత్రంలోనే మార్పులు చేయించింది.

మూడు అంకెలు ఒకటి కావాలి

నేడు గడులు నింపని మనిషి అరుదు. రైలు టిక్కెట్టుకు, బ్యాంకు బదిలీకి, ఉద్యోగ దరఖాస్తుకు తెర మీది గడులే దిక్కు. గేట్ పరీక్ష వ్రాసే ఇంజనీరింగ్ పట్టభద్రుడు సొంత కాలిక్యులేటరు తీసుకుపోరాదు; తెర మీద కనిపించే కాలిక్యులేటరుతోనే లెక్క చేసి, కొన్ని ప్రశ్నలకు జవాబును తెర మీది మీటలతో గడిలో నింపాలి. కాలిక్యులేటరు ఫారం నేర్పిన క్రమశిక్షణ వీటన్నిటికీ పనికివస్తుంది.

మొదటిది, ఫారం తెరవగానే నింపవలసిన గడులతో పాటు, అప్పటికే నిండి ఉన్న గడులను కూడా చదవాలి. మనం వ్రాయని అంకె మన లెక్కలో ఉండవచ్చు. రెండవది, జవాబు ఎంత ఉండవచ్చునో ముందే ఉజ్జాయింపుగా అనుకోవాలి. లక్షను 60తో భాగిస్తే సుమారు 1,667. వడ్డీ కలిపితే రెండు వేల పైచిలుకు కావాలి. పన్నెండు వేలు వస్తే ఎక్కడో తప్పున్నదని అప్పుడే తెలుస్తుంది. మూడవది, చిన్న తప్పులను పట్టుకోవడానికి జవాబును తిరగవేయాలి. వచ్చిన వాయిదాను కాగితం మీద వ్రాసుకుని, వాయిదా నెల మొదటనా చివరనా అన్నది ఒప్పందం చూసి నిర్ధారించుకుని, అసలు ఎంతో యంత్రాన్నే తిరిగి అడగాలి.

పాత గుమాస్తాల చిట్కా ఒకటి ఇప్పటికీ చెక్కు చెదరలేదు. రెండు మొత్తాలకు వచ్చిన తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో రెండు పక్క అంకెలు తారుమారు అయి ఉండవచ్చునని అనుమానించాలి. 5,873కు బదులు 5,783 వ్రాస్తే తేడా 90. ఏ రెండు పక్క అంకెలు తారుమారైనా ఈ సూత్రం తప్పదు.

చివరగా, దిద్దిన తరువాత కన్ను మరొకసారి ఆ గడి మీద నిలవాలి. దిద్దడంతో పని సగమే అవుతుంది. దిద్దినది యంత్రం స్వీకరించిందా, స్వీకరించిన దానితోనే జవాబు మళ్ళీ కట్టిందా అని చూసినప్పుడే తక్కిన సగం పూర్తి అవుతుంది. మనసులోని అంకె, తెర మీది అంకె, యంత్రంలోని అంకె ఒకటయ్యేది అప్పుడే. ఆ పరీక్షకు పట్టే కాలం రెండు మూడు సెకన్లు మాత్రమే.